బోర్లా పెడితే తెరుచుకునే తలుపు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా బల్ల మీద ఒక రబ్బరు స్టాంపు ఉండేది. దాని మీద ఒకే ఒక్క మాట: "నిరాధారం". సంస్థ దాన్ని నాకు ఇవ్వలేదు. నేనే ముచ్చటపడి చేయించుకున్నాను. మరమ్మతుల రంగంలోకి కొత్తగా వస్తున్న మీలాంటివారు ఎవరైనా అలాంటి స్టాంపు ఒకటి చేయించుకోవాలని అనుకుంటూ ఉంటే, ముందుగా ఇది చదవండి. ఆ తరువాత కూడా చేయించుకుంటామంటే మీ ఇష్టం. నాది ఇంకా సొరుగులోనే ఉంది, దాదాపు అరగకుండా.

నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, తెనాలిలో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల మరమ్మతు కేంద్రంలో ఆఖరి తనిఖీ అధికారిగా పనిచేశాను. బాపట్లలోనూ రేపల్లెలోనూ మాకు కౌంటర్లు ఉండేవి. అక్కడ సామాను తీసుకుని, జాబ్ కార్డు రాసి, తెనాలికి పంపేవారు. బాగుచేసిన ప్రతి వస్తువూ తిరిగి వెళ్ళేముందు నా గదిలోకి వచ్చేది. కార్డు మీద రెండు మాటలు ఉండేవి. ఒకటి, ఫలానా జబ్బు ఉందన్న కస్టమరు మాట. రెండు, దాన్ని నయం చేశానన్న మెకానిక్ మాట. ఈ ఇద్దరూ అబద్ధమే చెబుతారన్నది నా మూలసూత్రం. మూడో మనిషిని, అంటే నన్ను, ఆ సూత్రం పరిధిలోకి తేవాలన్న ఆలోచన నాకు చాలాకాలం రాలేదు.

నా పద్ధతి కట్టుదిట్టంగా ఉండేది. తనిఖీ గదిలో ఏసీ, ఇరవై నాలుగు డిగ్రీలు, ఒక్కో వస్తువుకు కచ్చితంగా పదిహేను నిమిషాలు. పరిస్థితులు మారకూడదు, మారితే అది పరీక్ష కాదు. కౌంటర్లకు నేను పంపిన మొదటి ఆదేశం కూడా శాస్త్రీయమైనదే: కస్టమరు చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్టు రాయాలి, సొంత కవిత్వం కలపకూడదు.

నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో టీవీలు బాగుచేయించుకునేవారు తగ్గిపోయారు. అప్పుడు మా ఓనరుగారు పాత వీడియోగేము పెట్టెల వైపు తిరిగారు. నలభై దాటిన లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, తమ చదువుల కాలం నాటి బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టెలను తువ్వాళ్ళలో చుట్టి, పచ్చి బాలింతను తీసుకొచ్చినంత జాగ్రత్తగా తెచ్చేవారు. వారిలో సగం మందికి పైగా ఆడేవి భయం ఆటలే. నేను వాటిని గమనించినంతవరకు అందులో గెలుపంటే బతికి బయటపడటమే. తూటాలు తక్కువ, మందులు తక్కువ, దారి తెలియదు. కథానాయకుడు పక్కకు తిరగాలంటే ఇరుకు సందులో లారీని వెనక్కి తీసినంత తతంగం. అక్కడిదాకా ఆడిన ఆటను దాచుకోవడానికి కూడా రేషనే. ఎక్కడపడితే అక్కడ దాచుకోనివ్వదు. చదువుకున్న మనుషులు మధ్యాహ్నం పూట కర్టెన్లు వేసుకుని మరీ ఇలా భయపడటం మానసికశాస్త్రం తేల్చవలసిన విషయమని నేను తీర్మానించి, పరీక్షకు పెట్టెలు మాత్రమే నావి అనుకున్నాను.

ఒక వేసవిలో రేపల్లె కౌంటరు నుంచి ఒక పెట్టె వచ్చింది. దానితోపాటు ఒక డిస్కు, ఒక మెమరీ కార్డు. కస్టమరు వృత్తి అన్నచోట "అర్చకులు" అని ఉంది. ఫిర్యాదు అన్నచోట ఇలా ఉంది: "మేడ మీద తలుపు సగం తెరుచుకుని ఆగిపోతోంది. పెట్టె బోర్లా పెడితే తెరుచుకుంటోంది."

నేను రేపల్లెకు ఫోను చేశాను. అక్కడి కౌంటరు చూసే అమ్మాయికి నోరు కొంచెం ఎక్కువ.

"ఏంటమ్మా ఇది? పెట్టెకు మేడ ఎక్కడిది? తలుపు ఎక్కడిది?"

"ఆటలో మేడండి. ఆయన చెప్పిందే రాశానండి. ఉన్నదున్నట్టు రాయమని మీరేగా అన్నారు?"

"బోర్లా పెట్టడమేంటి?"

"నేనూ అదే అడిగానండి. పెట్టి చూడమన్నారు. మీరే పెట్టి చూడండి సార్, ఏసీలోనే కదా ఉంటారు."

నేను పెట్టి చూడలేదు. పెట్టెను బోర్లిస్తే తలుపు తెరుచుకుంటుందన్న మాట, నిమ్మకాయ కడితే లారీ బ్రేకులు పనిచేస్తాయన్న మాటలాగే నాకు వినిపించింది. పైగా చెప్పినవారు అర్చకులు. ఆ ఒక్క ముక్క చదవగానే నా మనసులో పరీక్ష అయిపోయింది. మిగిలింది లాంఛనం.

లాంఛనం ఇలా జరిగింది. మెమరీ కార్డును, ఫిర్యాదుతో సంబంధం లేని సామగ్రి అని రాసి రేపల్లెకు తిప్పి పంపాను. ఆయన ఆడి దాచుకున్న ఆట అందులో ఉంటుంది, అది బయటి సాక్ష్యం, నా పరీక్ష మొదటి నుంచి మొదలు కావాలి. డిస్కు పెట్టి ఆట మొదలుపెట్టాను. సముద్రపు ఒడ్డున పాడుబడిన హోటలు. వంటగదిలో ఉబ్బిపోయిన ఒక వంటవాడు, చేతిలో కత్తి. వాడు నన్ను చంపాడు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ చంపాడు. పదిహేను నిమిషాలూ వాడు నన్ను చంపుతూనే ఉన్నాడు, పెట్టె మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. బొమ్మ శుభ్రంగా ఉంది, శబ్దం శుభ్రంగా ఉంది, నా చావు కేకలు శుభ్రంగా వినిపించాయి. "లోపం కనబడలేదు" అని రాసి స్టాంపు వేశాను.

ఇక్కడ మా సీనియర్ మెకానిక్ గురించి చెప్పాలి. తెనాలివాడే, మాలో అందరికీ ఆయన భాయి. డిగ్రీ లేదు. ముప్పై ఏళ్ళు సోల్డరింగు పొగలో కూర్చుని, పెట్టె చప్పుడు విని జబ్బు చెప్పగలిగినవాడు. నాకు ఆ చెప్పడం అంటేనే గిట్టేది కాదు. చప్పుడు కొలత కాదు కదా. ఆయన ఆ పెట్టె లెన్సు తుడిచి నాకు పంపినప్పుడు, కార్డు అంచున పెన్సిలుతో ఒక ముక్క రాశాడు: "పట్టా అరిగింది. వేడెక్కాక చూడాలి." నేను దాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను. పెన్సిలుతో రాసింది నమోదు కాదు. వేడెక్కాక చూడటం మా పద్ధతిలో లేదు.

పెట్టె రేపల్లె వెళ్ళి మూడు వారాల్లో తిరిగొచ్చింది. అదే ఫిర్యాదు, అవే మాటలు. మళ్ళీ వంటవాడు, మళ్ళీ స్టాంపు. అప్పుడు భాయి నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, ఆ లెన్సు నడిచే పట్టా మొత్తం మార్చాలండి. కొత్తది దొరకదు, చచ్చిపోయిన పెట్టెలోంచి తీసి వెయ్యాలి. మీరు లోపం ఉందని రాస్తేగానీ నేను పాత పార్టు వెయ్యకూడదు కదా, రూలు."

"లోపం నాకు కనబడలేదు భాయి."

"ఎంతసేపు చూశారండి?"

"పదిహేను నిమిషాలు."

"ఎక్కడిదాకా వెళ్ళారు?"

వంటగదిదాకా అని చెప్పడానికి నా ఎమ్మెస్సీ ఒప్పుకోలేదు.

పెట్టె మూడోసారి తిరిగి వచ్చినప్పుడు విషయం ఓనరుగారి దాకా వెళ్ళింది. మూడుసార్లు తిరిగొస్తే ఎవరో ఒకరు బాధ్యులు కావాలన్నది మా సంస్థ నియమం. ఓనరుగారు కొత్త మిషను తెరిచినా పాత మిషను పారేసినా కొబ్బరికాయ కొట్టే మనిషి. "అర్చకులు అబద్ధం ఆడరండి" అని ఆయన ఒక్క వాక్యంలో కస్టమరును నిర్దోషిగా విడుదల చేశారు. మిగిలింది మేమిద్దరం. నన్ను నేను నిర్దోషిగా విడుదల చేసుకోవడానికి పెట్టె విప్పి చూశాను. లోపల ఉన్నది వేరే పెట్టెలోంచి తీసిన పాత లెన్సు! పట్టా మార్చే వీలు లేక, మనసు ఊరుకోక, భాయి పెట్టె రెండోసారి వచ్చినప్పుడు తుక్కులోంచి మంచి లెన్సు ఒకటి ఏరి బిగించాడు. అది కూడా దాచలేదు, స్టోరులో చెప్పే తీసుకున్నాడు. నేను మాత్రం ఎర్రసిరాతో రాశాను: "అనుమతి లేకుండా పాత లెన్సు బిగించినందువల్ల లోపం." లోపమే కనబడలేదని రెండుసార్లు రాసినవాడు, ఆ లోపానికి కారణం మాత్రం కనిపెట్టాడు. ఆ వైరుధ్యం ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టడం నా ఉద్యోగం.

భాయిని బెంచీ మీద నుంచి తీసేసి బాపట్ల కౌంటరుకు వేశారు. ముప్పై ఏళ్ళు ఇనుప మొనతో వెంట్రుకంత తీగలు అతికించిన చేతులు అక్కడ రసీదులు చింపి ఇస్తాయి. బెంచీ దగ్గర ఆయన కుర్చీ మీద ఎవరో అట్టపెట్టెలు పెట్టారు. పొద్దున్నే తెనాలి స్టేషనులో బాపట్ల బండి కోసం నిలబడి ఉండగా నేను ఒకటి రెండుసార్లు ఆయనను చూశాను. ఆయన నన్ను చూసి, "టిఫిన్ అయిందాండి?" అని అడిగాడు. తిట్టి ఉంటే నా మనసు కుదుటపడేది.

పట్టుమని పది రోజులు కాకముందే అర్చకులవారు స్వయంగా వస్తున్నట్టు కబురు పెట్టారు. ఆలయంలో ఈ పక్షం ఆయన అన్నగారి వంతట, తీరిక ఉందట. పెట్టెను మా ఎదుటే ఆడి చూపిస్తానన్నారు. నాకు సంతోషమే కలిగింది. ఇన్నేళ్ళకు ఒక అద్భుతం తనంతట తాను నా ప్రయోగశాలకు నడిచి వస్తోంది. ఏర్పాట్లు నేనే చేశాను. గది నాది, ఏసీ నాది, మెమరీ కార్డు నిషిద్ధం, ఆట మొదటి నుంచి. బాధ్యుడు కూడా ఉండాలని ఓనరుగారు భాయిని బాపట్ల నుంచి పిలిపించారు. ఆయన వచ్చి మూల స్టూలు మీద కూర్చున్నాడు. తన కుర్చీ వైపు మాత్రం చూడలేదు.

అర్చకులవారికి యాభై ఏళ్ళుంటాయి. పంచె, పైన ఉత్తరీయం, చంకలో గుడ్డసంచి. నేను ఊహించుకున్న విభూతి, తాయెత్తు, కళ్ళు మూసుకుని గొణగడం, ఏవీ లేవు. కుర్చీలో పద్మాసనం వేసుకుని, రిమోటు ఒళ్ళో పెట్టుకుని ఆట మొదలుపెట్టారు.

"పంతులుగారూ, మీకు ఈ దయ్యాలంటే భయం వేయదాండి?" అన్నారు ఓనరుగారు.

"ఎందుకండి? అవి అక్కడ ఉంటాయని తెలిసే కదా వెళ్తాం. నాకు భయమల్లా ఈ పెట్టె ఎక్కడ ఆగిపోతుందోనని."

"మరి కొత్త ఆటలు ఆడొచ్చుగా?"

"కొత్తవాటిలో అంతా పరుగేనండి. వీటిలో లెక్క ఉంటుంది. ఆరు తూటాలిస్తాడు, తొమ్మిదిమందిని చూపిస్తాడు. ఎవర్ని వదిలెయ్యాలో మనం తేల్చుకోవాలి."

వంటవాడు వచ్చాడు. నా చేతులు నాకు తెలియకుండానే ముడుచుకున్నాయి. పంతులుగారు వాడి చుట్టూ, గుడిలో ప్రదక్షిణం చేసినంత తీరికగా తిరిగి, అవతలి ద్వారంలోంచి వెళ్ళిపోయారు. అరనిమిషం పట్టలేదు.

గంట గడిచింది. మేడ మీద తలుపు వచ్చింది. చీకటి తెర మీద తలుపు ఒక్కటే కనిపిస్తూ, మెల్లగా, కిర్రుమంటూ, పూర్తిగా తెరుచుకుంది. నేను స్టాంపు చేతిలోకి తీసుకున్నాను. ఓనరుగారు గడియారం చూసుకుని, "చూశారా పంతులుగారూ" అని మొదలుపెట్టబోయారు. అర్చకులు అబద్ధం ఆడరన్న సూత్రం ఆయన ముఖంలోనే సడలిపోవడం చూసి నేను ఆనందించాను.

మూలనుంచి భాయి అన్నాడు: "ఏసీ ఆపండి సార్."

"ఎందుకు?"

"రేపల్లెలో పంతులుగారింట్లో ఏసీ ఉందేమో అడగండి."

"రేకుల గదండీ" అన్నారు పంతులుగారు తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "మధ్యాహ్నం పూటే ఆడతాను. అప్పుడేగా గుడి మూసేది."

రోహిణి కార్తె. ఏసీ ఆపిన పావుగంటకు గది ఆవిరి కుడుము గిన్నెలా అయింది. ఓనరుగారు ఫైలుతో విసురుకున్నారు. నేను పరిస్థితులు మారాయని, ఇది ఇక పరీక్ష కాదని ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. మరో అరగంటకు పంతులుగారు పై అంతస్తులో ఇంకో తలుపు తోశారు. అది సగం తెరుచుకుంది. అక్కడే ఆగింది. పెట్టె లోపల ఏదో గీకుతున్నట్టు చిన్న చప్పుడు. తలుపు కదలదు. వెనక నల్లటి చీకటి.

"ఇదేనండి" అన్నారు పంతులుగారు, వైద్యుడికి పుండు చూపినట్టు.

"తలుపు కాదండి అది" అన్నాడు భాయి. "తలుపు బొమ్మ చూపిస్తూ, వెనకాల అవతలి గదిని డిస్కులోంచి చదువుకుంటది. మనకి ఆలస్యం తెలీకుండా వేసిన తెర. చదవలేకపోతే తలుపు ఆగిపోద్ది. కరెంటు భాగం వేడి లెన్సు పక్కనే తగులుద్ది, ప్లాస్టిక్ పట్టా అరిగి మెత్తబడి లెన్సు ఒరుగుద్ది."

"అందుకే ఇలా" అంటూ పంతులుగారు పెట్టెను రెండు చేతులా పట్టుకుని, హారతి పళ్ళెం తిప్పినంత నెమ్మదిగా బోర్లించారు.

"అయ్యయ్యో, నడుస్తుండగా తిప్పకండి పంతులుగారూ, డిస్కు గీసుకుపోద్ది!"

ఒరిగిన లెన్సును, దాని బరువే ఈసారి దారిలోకి లాగింది. గీకుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. తెరుచుకున్న తలుపులోంచి, తడిసిన జుట్టుతో, కళ్ళులేని ముఖమొకటి సరాసరి తెర మీదికి వచ్చింది. ఓనరుగారు "అమ్మో" అని ఇంత ఎత్తు లేచారు. ఎవరి చేయి తగిలి టీ గ్లాసు పగిలిందో నేను పరిశీలించలేదు. పగిలిన గాజు నా కాళ్ళ దగ్గరే ఉంది. పంతులుగారు రెండు తూటాలు పేల్చి, "రెండు చాలు" అని మమ్మల్ని సమాధానపరిచారు.

భాయి లేచి, ఫైలు తీసి, మొదటి కార్డును ఓనరుగారి ముందు పెట్టాడు. ఓనరుగారు కళ్ళజోడు పెట్టుకుని, నా ఎర్రగీత కింద నుంచి పెన్సిలు అక్షరాలను బయటికే చదివారు: "వేడెక్కాక చూడాలి." తరువాత కస్టమరు మాటను కూడా చదివారు. అందులో తప్పుపట్టడానికి ఒక్క అక్షరం లేదు. తలుపు ఆగింది. బోర్లిస్తే తెరుచుకుంది. కారణమేమిటో ఆయన చెప్పనే లేదు. దయ్యాన్ని ఆ వాక్యంలోకి తెచ్చినవాణ్ణి నేను. ఆయన కొలత చెబితే నేను నమ్మకం విన్నాను. అన్నాళ్ళూ నేను కచ్చితంగా పరీక్షించింది ఒక్కటే వస్తువు, నా ఏసీ.

"నేను ముందే అనుకున్నాను" అన్నారు ఓనరుగారు, అలవాటుగా. "భాయీ, రేపటి నుంచి బెంచీకి వచ్చేయ్."

"వస్తానండి. ఇవాళే ఈ పట్టా మార్చి వెళ్తాను. కానీ ఒక్కటి. సార్ ఈ తలుపుదాకా తనే ఆడి, చూసి, సంతకం పెట్టాలి. ఏసీ లేకుండా. అప్పటిదాకా బాపట్ల పోతాను."

"నా మాట చాలదా భాయి? ఇప్పుడు చూశాను కదా" అన్నాను.

"రెండుసార్లు చూసినట్టే సంతకం పెట్టారు కదండి."

దానికి నా దగ్గర స్టాంపు లేదు.

ఆ సాయంత్రమే తుక్కుపెట్టెలోంచి మంచి పట్టా ఒకటి తీసి ఆయన బిగించాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నేను ఏసీ ఆపుకుని, తువ్వాలు మెడలో వేసుకుని, ఆ హోటల్లోకి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటి నాలుగు రోజులూ వంటగది దాటలేదు. నేను చచ్చిన ప్రతి రోజూ భాయి ఇంకో రోజు బాపట్ల బండి ఎక్కాడు. ఆఫీసులో ఈ రెండు సంగతులూ కలిపే అడిగేవారు: "ఇవాళ ఏమైంది సార్, వంటాయనేనా?" ఐదో రోజు సిగ్గు విడిచి రేపల్లెకు ఫోను చేశాను.

"వాడితో పోట్లాడకండి" అన్నారు పంతులుగారు. "కాలు ఈడుస్తాడు చూడండి, నెమ్మదస్తుడు. బల్ల చుట్టూ తిప్పి వెళ్ళిపోండి."

"చంపకుండానా?"

"మీరు చంపడానికి వెళ్ళారా, చూడటానికి వెళ్ళారాండి?"

ఆ ప్రశ్న నా ఉద్యోగ నియామకపత్రంలో రాసి ఉంటే ఎంత బాగుండేదో! ఆ రోజే వంటగది దాటాను. తరువాత మెట్లు, తరువాత స్నానాల గది, అక్కడ మూడు రోజులు. తూటాలు దాచుకోవడం నేర్చుకున్నాను. కర్టెన్లు వేసుకోవడం కూడా నేర్చుకున్నాను, తెర మీద వెలుగు పడుతోందన్న శాస్త్రీయ కారణంతో. మధ్యలో ఒకసారి, తలుపు దగ్గరికి రాకుండానే సంతకం పెట్టేయాలన్న ఆలోచన వచ్చింది. గదిలో ఎవరూ లేరు. తెలిసేది కాదు. కలం కూడా తీశాను. అంతకు ముందు రెండు సంతకాలూ సరిగ్గా అలాగే పెట్టానని అప్పుడు గుర్తుకొచ్చి, మూత పెట్టేశాను.

తొమ్మిదో రోజున నేను పై అంతస్తు తలుపు తోశాను. అది కిర్రుమంది. సగం దగ్గర నా ఊపిరి ఆగింది గానీ తలుపు ఆగలేదు. పూర్తిగా తెరుచుకుంది. తడిజుట్టు ముఖం వచ్చి నన్ను చంపేసింది. నేను చాలా తృప్తిగా చచ్చిపోయాను. కార్డు మీద స్టాంపు వేయకుండా, నల్లసిరాతో రాశాను: "తలుపు తెరుచుకుంది. చూశాను." ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ రెండో మాట నేను రాయడం అదే మొదటిసారి.

సాయంత్రం బాపట్ల బండి దిగి భాయి నేరుగా ఆఫీసుకు వచ్చాడు. కార్డు ఇచ్చాను. చదివాడు.

"ఎంతసేపు ఆడారండి?"

"గంటా యాభై నిమిషాలు."

"ఏసీ?"

"ఆపే ఉంది. నా చొక్కా చూడు."

ఆయన నా చొక్కా చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి ఏసీ స్విచ్చి చూశాడు. తరువాత పెట్టె దగ్గరికి వచ్చి, జ్వరం చూసినట్టు చేతి వెనుక వైపు దాని మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు. అప్పుడు బెంచీ దగ్గరికి వెళ్ళి, కుర్చీ మీద అట్టపెట్టెలు కింద పెట్టి, కూర్చున్నాడు.